తవోరా కొట్టిన గోల్ ఏ ఊరిది?

అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్యకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన సమాఖ్య అధ్యక్షులు కల్యాణ్ చౌబే గారికి, కార్యవర్గ సభ్యులకు,



2025 అక్టోబరులో మా క్లబ్బును ఢిల్లీకి తరలించారు. హైదరాబాద్ ఎఫ్‌సీ అన్న పేరు తీసేసి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పెట్టారు. యజమానులు మారారనో, డబ్బుకు కటకట అనో, జనం రావడం లేదనో కారణాలు ఎన్నయినా చెప్పొచ్చు. మీ సమ్మతి లేకుండా మాత్రం ఏ క్లబ్బూ ఊరు మారదు, పేరు మారదు. అందుకే ఈ ఉత్తరం యజమానులకు కాదు, మీకు. ఆ సమ్మతి ఎలా ఇవ్వగలిగారు? ఇచ్చేముందు మా వైపు ఒక్క అభిమానినైనా పిలిచి అడిగారా? మమ్మల్ని అడగలేదు సరే, మీలో మీరైనా ఈ ఒక్క ప్రశ్న వేసుకున్నారా? 2022 మార్చి 20 రాత్రి గోవాలోని ఫటోర్డాలో సాహిల్ తవోరా కొట్టిన గోల్ ఇక నుంచి ఏ ఊరి లెక్కలోకి వస్తుంది?

ఆ రోజు ఆదివారం. మా సింగరేణిలో ఆదివారం డ్యూటీని ప్లే డే అంటారు, రెట్టింపు జీతం వస్తుంది. పిల్లల ఫీజుల కాలంలో ప్లే డే వదులుకునేవాడిని ఇంట్లో ఎవరూ మెచ్చుకోరు. నేను వదులుకున్నాను. మా వరుస క్వార్టర్లలో ఆ రాత్రి ఐపీఎల్ గురించి మాట్లాడుకోని ఇల్లు బహుశా మాదొక్కటే. టీవీ ముందు నేను, మా తమ్ముడు, నాతోపాటు బొగ్గుబాయిలో పనిచేసే ఇద్దరు ఫిట్టర్లు. ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్, ఎదురుగా కేరళ బ్లాస్టర్స్. కరోనా వల్ల రెండేళ్లు ఖాళీ స్టేడియాల్లో ఆడిన లీగ్‌కు ఆ రాత్రి మళ్లీ జనం వచ్చారు. గ్యాలరీ నిండా పసుపు రంగే, అది కేరళ వాళ్లది. మైదానంలో పసుపు చొక్కాలు వేసుకున్నది మాత్రం మా వాళ్లు. 68వ నిమిషంలో కేపీ రాహుల్ గోల్ కొట్టాడు. ఆ తర్వాత ఇరవై నిమిషాలు మా గదిలో ఎవరూ మాట్లాడలేదు.

లీగ్‌లో ఆ ఏడు 18 గోల్స్ కొట్టిన మా ఓగ్బెచే మైదానంలోనే ఉన్నాడు. అందరి కళ్లూ ఆయన మీదే. గోల్ వచ్చింది మాత్రం మధ్యలో ఆటలోకి దిగిన తవోరా కాలి నుంచి. 88వ నిమిషంలో బాక్సు బయటికి తేలివచ్చిన బంతిని నేల తాకనివ్వకుండా కొట్టాడు. ఒక చాంపియన్‌షిప్‌ను నిలబెట్టిన దెబ్బ అది. ఆ గోవా కుర్రాడి పేరు ఇవాళ దేశంలో ఎంతమందికి గుర్తుంది? పెద్ద కాంట్రాక్టుల వార్తల్లో అతను లేడు, ప్రకటనల్లో లేడు. మా ఊరు మందమర్రిలో మాత్రం ఒక టీ కొట్టు దగ్గర ఇప్పటికీ చివరి నిమిషంలో ఎవరైనా అక్కరకొస్తే "తవోరా లెక్క వచ్చినవు రా" అంటారు. ఆ మాట మొదలుపెట్టింది నేనే. ఇప్పుడు దాని అర్థం తెలియని పిల్లలు కూడా అంటున్నారు.

చౌబే గారూ, ఈ మాట ప్రత్యేకంగా మీకు. మీరు గోల్‌కీపర్‌గా ఆడినవారు. సమాఖ్య 85 ఏళ్ల చరిత్రలో ఆటగాడిగా ఉండి అధ్యక్షుడైన మొదటి వ్యక్తి మీరేనని 2022 సెప్టెంబరులో పత్రికల్లో చదివినప్పుడు మేము నిజంగా సంతోషించాం. గోల్‌కీపర్ ఒంటరితనం మీకు ఒకరు చెప్పక్కర్లేదు. మరి లక్ష్మీకాంత్ కట్టిమణిని గుర్తు చేసుకోండి. 2015 డిసెంబరు 20, ఇదే ఫటోర్డా, ఇదే లీగ్ ఫైనల్. అప్పుడతను ఎఫ్‌సీ గోవా కీపర్. 2-1తో గెలుస్తున్న మ్యాచ్‌లో 90వ నిమిషంలో అతని చేతి మీదుగానే బంతి సొంత వలలో పడింది. ఆ వెంటనే చెన్నై మరో గోల్ కొట్టి కప్పు పట్టుకుపోయింది. సొంతూరి జనం ముందు, సొంత రాష్ట్రంలో, అంత పెద్ద రాత్రి జరిగిన తప్పు అది. అలాంటి తప్పును ఎంతమంది ఆటగాళ్లు జీవితమంతా మోసి ఉంటారు?

అదే మనిషి ఆరేళ్ల తర్వాత మా చొక్కా వేసుకుని అదే మైదానంలో నిలబడ్డాడు. స్కోరు 1-1, ఇక పెనాల్టీలే. కేరళ వైపు లెస్కోవిచ్ కొట్టింది ఆపాడు. నిషు కుమార్ కొట్టింది ఆపితే రిఫరీ మళ్లీ కొట్టమన్నాడు, మళ్లీ ఆపాడు. జీక్సన్ కొట్టింది ఆపాడు. అస్సాం నుంచి వచ్చిన హలిచరణ్ నార్జారీ చివరి పెనాల్టీని వలలోకి పంపాడు. 3-1. మా తమ్ముడు ఏడ్చాడు. వాడు హైదరాబాద్‌లో పుట్టలేదు, గోవా చూడలేదు, కట్టిమణిని దగ్గర నుంచి చూసింది ఒక్కసారే. అయినా ఏడ్చాడు. ఎందుకంటే 2015 నాటి ఆ తప్పు వాడికి గుర్తుంది. పెద్ద ఆటగాళ్లను ప్రపంచం గుర్తుపెట్టుకుంటుంది, కట్టిమణిని గుర్తుపెట్టుకునేది మాలాంటి వాళ్లమే. ఆ గుర్తు ఉండబట్టే ఆ రాత్రి ఒక మనిషి జీవితం సరిదిద్దుకోవడాన్ని చూశాం. కాగితం మీద చూస్తే అది 3-1, అంతే.

నా దగ్గర రెండు వందల పేజీల నోటుబుక్కు ఒకటి ఉంది. 2019 నుంచి హైదరాబాద్ ఎఫ్‌సీ ఆడిన ప్రతి మ్యాచ్‌కూ ఎవరు దిగారు, ఎవరు మధ్యలో వచ్చారు, ఎవరు బెంచీ మీదే కూర్చుండిపోయారు అని రాసుకున్నాను. రాత్రి షిఫ్టు ఉన్న రోజుల్లో తెల్లారి ఇంటికొచ్చి, కడుక్కున్నా పోని బొగ్గు వేళ్లతోనే రాశాను. కొన్ని పేజీల అంచులు నల్లగా ఉంటాయి. ఇది నా వృత్తి నేర్పిన అలవాటు. బాయిలో దిగేముందు మాకు మస్టర్ పడాలి. లాంప్ రూమ్‌లో నంబరు పలికి క్యాప్ లాంప్ తీసుకోవాలి. షిఫ్టు అయ్యాక ఆ లాంప్ వాపస్ రావాలి. ఒక్క లాంప్ తక్కువ పడినా మనిషి ఇంకా లోపలే ఉన్నాడని లెక్క. అప్పుడు దొరా లేడు, కూలీ లేడు, వెతకాల్సిందే. మేనేజర్ లాంప్‌కూ, నిన్న చేరిన బదిలీ కార్మికుడి లాంప్‌కూ రిజిస్టరులో ఒకటే వరుస. దేశ ఫుట్‌బాల్‌కు ఆ రిజిస్టరు మీ చేతిలో ఉంది. దాంట్లో మా వాళ్ల లాంపులు వాపస్ వచ్చాయో లేదో చూసుకోకుండానే షిఫ్టు ముగిసిందని ఎలా సంతకం పెట్టారు?

ఆ నోటుబుక్కు మొదటి పేజీల్లో మార్కో స్టాన్కోవిచ్ అనే పేరుంది. ఆస్ట్రియా నుంచి వచ్చాడు, ఎక్కువ కాలం ఉండలేదు. 2019 నవంబరు 2న గచ్చిబౌలి బాలయోగి స్టేడియంలో మా జట్టు ఆడిన తొలి మ్యాచ్‌లో, సొంత గడ్డ మీద మా తొలి గోల్ అతనిదే, పెనాల్టీ. తర్వాత మార్సెలిన్యో ఫ్రీకిక్‌తో 2-1. అంతకుముందు కోల్‌కతాలో అయిదు గోల్స్ తిని వచ్చిన జట్టుకు అది మొదటి గెలుపు. ఆ మ్యాచ్‌లోనూ ఎదురుగా కేరళే, ముందు గోల్ కొట్టింది ఆ రాహులే, వెనకబడి గెలిచింది మేమే. రెండున్నరేళ్ల తేడాతో అవే అడుగులు మళ్లీ పడ్డాయి. ఫైనల్ రాత్రి రాహుల్ గోల్ కొట్టగానే "అన్నా, గచ్చిబౌలి యాదికుందా" అని మా తమ్ముడు అడిగింది అందుకే. ఒక క్లబ్బు ఒక ఊరిలో నాలుగేళ్లు నిలబడితేనే ఇలాంటి ముడులు పడతాయి. ఊరు మారిస్తే ఆ ముడి ఎక్కడ వేస్తారు?

ఇంకో పేజీలో చింగ్లెన్‌సానా సింగ్. మణిపూర్‌లోని చురాచాంద్‌పూర్ వాడు, మా డిఫెన్సులో గోడ. 2023 మే 3న కోజికోడ్‌లో మా జట్టు తరఫున మ్యాచ్ ఆడి డ్రెస్సింగ్ రూమ్‌కు వచ్చి ఫోన్ చూసుకునేసరికి అక్కడ అతని ఊరు తగలబడుతోంది. ఇల్లు పోయింది. ఊరి పిల్లల కోసం తాను కట్టిస్తున్న ఆటస్థలం కూడా పోయింది. ఆ పేజీలో నేను స్కోరు రాసుకోలేదు. ఆ తర్వాతి సీజన్‌లో జీతాలు అందక ఒక్కొక్కరే వెళ్లిపోయారు, కొత్తవాళ్లను తీసుకోకుండా నిషేధం పడింది. 22 మ్యాచ్‌ల్లో ఒకే ఒక్క గెలుపు. విదేశీయుల్లో చివరిదాకా మిగిలింది బ్రెజిల్ మనిషి జొవావ్ విక్తర్. అతని చుట్టూ అలెక్స్ సాజీ, మకన్ చోతే, అబ్దుల్ రబీహ్, మార్క్ జోథన్‌పుయా లాంటి కుర్రాళ్లు. ఓడిపోతామని తెలిసి, వారం వారం చొక్కా మడత నలగకుండా మైదానంలోకి వచ్చిన పిల్లలు వాళ్లు. చాంపియన్లను ప్రేమించడం తేలిక. నేనైతే ఆ సీజన్ పిల్లల్నే ఎక్కువ ప్రేమించాను. వాళ్ల పేర్లు గట్టిగా పిలిచే గ్యాలరీ ఇప్పుడు ఏ ఊళ్లో ఉంది?

గ్యాలరీ మాట వచ్చింది కాబట్టి చెబుతాను. గచ్చిబౌలిలో కుర్చీలు ఖాళీగా ఉండేవని మీరంటారు. నిజమే, చాలాసార్లు ఖాళీగానే ఉండేవి, నేనే చూశాను. మందమర్రి నుంచి పొద్దున భాగ్యనగర్ రైలు ఎక్కితే సికింద్రాబాద్‌లో దిగి, రెండు బస్సులు మారి గచ్చిబౌలి చేరాలి. రాత్రి మ్యాచ్ తొమ్మిదిన్నరకు అయిపోతే జేబీఎస్‌కు పరుగెత్తి మంచిర్యాల బస్సు పట్టుకోవాలి. తెల్లారి మొదటి షిఫ్టుకు మస్టర్ వేయించుకోవాలి. అలా వెళ్లొచ్చిన వాళ్లం తక్కువమందిమే. అభిమాన సంఘం డెక్కన్ లీజియన్ పిల్లలు డప్పులతో స్టాండును ఊపేస్తుంటే వాళ్ల పక్కన నిలబడి గొంతు పోగొట్టుకున్న రోజులున్నాయి. అయితే ఒక్క లెక్క మీరూ చూడాలి. 2019లో పుట్టిన క్లబ్బుకు 2020 మార్చి నుంచి 2022 అక్టోబరు దాకా సొంతూళ్లో ఒక్క మ్యాచ్ కూడా లేదు. రెండు సీజన్లు పూర్తిగా గోవాలో ఆడారు. కప్పు గెలిచిన సీజన్‌లో కప్పు గెలిచిన జట్టును దాని ఊరి జనం తమ ఊళ్లో ఒక్కసారి కూడా కళ్లారా చూడలేదు. ఆ కాలంలో వేరే దారి లేదు, తప్పు పట్టను. కానీ నడక నేర్చుకునే వయసులో తల్లికి దూరమైన బిడ్డ తల్లిని గుర్తుపట్టలేదని శిక్ష వేస్తారా?

పైగా మా మైదానం మీకు పనికిరానిదేమీ కాదు. 2024 సెప్టెంబరులో ఇంటర్‌కాంటినెంటల్ కప్ గచ్చిబౌలిలోనే పెట్టారు. నవంబరులో భారత జట్టు మలేసియాతో ఆడిందీ అక్కడే. డిసెంబరు 31న సంతోష్ ట్రోఫీ ఫైనల్ జరిగిందీ అక్కడే, బెంగాల్ కుర్రాడు రోబి హంస్దా ఆఖరి క్షణాల్లో కేరళ మీద గోల్ కొట్టి కప్పు తెచ్చిందీ ఆ గడ్డ మీదే. ఆ కప్పును ఇదే హైదరాబాద్ 1956-57లో, 1957-58లో వరసగా రెండేళ్లు గెలిచింది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ పేరుతో మళ్లీ గెలిచింది. మా పాత కోచ్ మనోలో మార్కెజ్‌నే మీరు 2024లో జాతీయ జట్టుకు కోచ్‌గా తీసుకున్నారు. స్టేడియం కావలసి వచ్చినప్పుడు హైదరాబాద్, కోచ్ కావలసి వచ్చినప్పుడు హైదరాబాద్. క్లబ్బు బతకలేక చేయి చాచినప్పుడు మాత్రం ఢిల్లీ దారి ఎందుకు చూపారు?

మా బాపు రోజుల్లో కాలనీలో ఒక ఓవర్‌మన్ ఉండేవాడు. పడుచుతనంలో హైదరాబాద్‌లో పోలీస్ టీమ్ ఆట చూసిన మనిషి. హైదరాబాద్ సిటీ పోలీస్ 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్లు రోవర్స్ కప్ గెలిచిన సంగతి మాకు ఆయన నోటి నుంచే తెలిసింది. ఆ జట్టు కోచ్ రహీం సాబ్ ఎడమకాలితోనే ఆడాలన్న షరతుతో పోటీలు పెట్టేవాడని చెప్పి, స్కూల్ గ్రౌండులో మా చేత ఆదివారాలు ఎడమకాలి ఆట ఆడించేవాడు. కుడికాలు తగిలితే బంతి అవతలి జట్టుకు. ఇప్పటికీ నా కొడుకు వయసు పిల్లలు ఆ గ్రౌండులో "రహీం ఆట" అని ఆడుతుంటారు. రహీం సాబ్ 1963 జూన్ 11న పోయారు. మందమర్రి పేరు ఆయన విన్నారో లేదో. అయినా ఆయన ఆట ఇక్కడికి వచ్చింది, ఎక్కడా పేరు రాసుకోని ఒక ఓవర్‌మన్ దాన్ని మోసుకొచ్చాడు.

ఆ ఓవర్‌మన్ ఎప్పుడూ తులసీదాస్ బలరాం గురించి ఎక్కువ చెప్పేవాడు కాదు. బలరాం గొప్పవాడని అందరికీ తెలుసు కదా అనేవాడు. చెప్పిందల్లా నూర్ మహమ్మద్ గురించి, జుల్ఫికరుద్దీన్ గురించి, యూసుఫ్ ఖాన్ గురించి. గోల్ కొట్టినవాడి పేరు పేపర్లో వస్తుంది, గోల్‌కు ముందు బంతి ఇచ్చినవాడి పేరు చూసినవాడే చెప్పాలి అనేవాడు. హెల్సింకీలో, మెల్‌బోర్న్‌లో రెండు ఒలింపిక్స్ ఆడిన నూర్ మహమ్మద్ పేరు మీద హైదరాబాద్‌లో ఎన్ని మైదానాలున్నాయి? 1962 జకార్తా ఆసియా క్రీడల స్వర్ణ జట్టులో ఉండి, 1966లో అర్జున అందుకున్న యూసుఫ్ ఖాన్ ఫొటో ఏ బడి గోడ మీద ఉంది? ఆ తరాన్ని మీ ముందున్న పెద్దలు రిజిస్టరులో సరిగా రాయలేదు. రాయకపోబట్టే రహీం సాబ్ ఎవరో దేశానికి తెలియడానికి 2024లో మైదాన్ సినిమా రావాల్సి వచ్చింది. ఆ సినిమా విడుదలైన సీజన్‌లోనే ఆయన ఊరి క్లబ్బు పట్టికలో అట్టడుగున ఉంది. థియేటర్‌లో చప్పట్లు కొట్టిన పెద్దల్లో ఎంతమంది ఆ వారం గచ్చిబౌలి వైపు తిరిగి చూశారు?

హైదరాబాద్‌లో శ్రీనిధి డెక్కన్ ఉంది కదా అని ఒక జవాబు వినిపిస్తుంది. ఉంది, మంచి క్లబ్బు. ఐ-లీగ్‌లో 2022-23లో, 2023-24లో వరసగా రెండో స్థానంలో నిలిచింది. వాళ్లు పైకి రావాలనే నా కోరిక కూడా. కానీ ఒకరి ఇల్లు కూల్చి, పక్కింట్లో దీపం వెలుగుతోంది కదా అంటే ఎలా? మా ఉత్తర తెలంగాణ నుంచే, నిజామాబాద్ జిల్లా కిసాన్‌నగర్ తండా నుంచి గుగులోత్ సౌమ్య దేశం తరఫున ఆడుతోంది. ఆమెను చూసి బూట్లు అడిగిన ఆడపిల్లలు మందమర్రిలోనూ ఉన్నారు. ఈ పిల్లలకు రాష్ట్రంలో పెద్ద లీగ్ క్లబ్బు ఒకటుందంటే దాని విలువ వేరు. దాన్ని తీసేసి అకాడమీల గురించి మాట్లాడితే వాళ్లకేం అర్థమవుతుంది?

ఇక్కడ నిజాయితీగా ఒక మాట ఒప్పుకోవాలి. మా క్లబ్బు కూడా 2019లో పుణె క్లబ్బు మూతపడిన చోటులోనే పుట్టింది. మార్సెలిన్యో, ఆదిల్ ఖాన్, నిఖిల్ పూజారి, ఆశిష్ రాయ్ అక్కడి నుంచే వచ్చారు. ఆ రోజు నేను సంబరపడ్డాను. పుణెలో ఎవడో నాలాంటివాడు తన నోటుబుక్కు మూసేసి ఉంటాడని అప్పుడు తట్టలేదు. ఆ సోదరుడికి ఇప్పుడు క్షమాపణ చెబుతున్నాను. ఢిల్లీ అభిమానుల మీద కూడా నాకు కోపం లేదు. వాళ్ల డైనమోస్‌ను అదే 2019లో భువనేశ్వర్‌కు పట్టుకుపోయి ఒడిశా ఎఫ్‌సీ చేశారు. వాళ్లదీ పోయింది, మాదీ పోయింది. ఒకరి దగ్గర లాక్కున్నది ఇంకొకరికి ఇస్తూ, మళ్లీ వాళ్ల దగ్గర లాక్కుంటూ పోతే చివరికి ఎవరి చేతిలో ఏం మిగులుతుంది? పుణె, ఢిల్లీ, హైదరాబాద్ అని మూడు ఊళ్ల పేర్లు వరసగా రాసి చూసుకోండి. ఇది యజమానుల ఇబ్బంది మాత్రమే అనిపిస్తోందా? మీ పర్యవేక్షణలో ఏ లోపమూ కనిపించడం లేదా?

ఇలాంటి తప్పు బయటి దేశాల్లోనూ జరిగింది, అక్కడ దాన్ని దిద్దుకున్నారు కూడా. లండన్‌లోని వింబుల్డన్ క్లబ్బును మిల్టన్ కీన్స్ అనే ఊరికి తరలించడానికి 2002లో అక్కడి ఫుట్‌బాల్ సంఘం నియమించిన కమిషన్ సరేనంది. అభిమానులు అదే ఏడు ఏఎఫ్‌సీ వింబుల్డన్ అనే కొత్త క్లబ్బు పెట్టుకుని కింది స్థాయి లీగ్‌లో మొదలుపెట్టారు. ఊరు మారిన పాత క్లబ్బు 2004లో పేరు కూడా మార్చుకుంది. 2007లో మాత్రం అది తలవంచింది. 1988 ఎఫ్‌ఏ కప్ సహా వింబుల్డన్ చరిత్ర మీద హక్కు తమకు లేదని ఒప్పుకుని, ట్రోఫీల ప్రతిరూపాలను, గుర్తులను వింబుల్డన్ ఉన్న మెర్టన్ కౌన్సిల్‌కు అప్పగించింది. అభిమానుల క్లబ్బు 2011లో ఫుట్‌బాల్ లీగ్‌లోకి ఎక్కింది, 2020లో ప్లౌ లేన్‌లో సొంత స్టేడియం కట్టుకుంది. ఆ దేశంలో చేయగలిగిన న్యాయం ఈ దేశంలో మీరు చేయలేరా?

అందుకని అడుగుతున్నాను. 2021-22 చాంపియన్ ఎవరని ఎవరు వెతికినా హైదరాబాద్ ఎఫ్‌సీ అనే ఉండాలి. ఆ పేరు పక్కన బాణం గీసి ఢిల్లీ అని రాయకూడదు, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ ఆ కప్పును తన గోడ మీద చూపుకోకూడదు. కోహినూర్, చార్మినార్ ఉన్న ఆ చిహ్నాన్నీ, ఆ పసుపు నలుపు రంగులనూ ఎవరికీ అమ్మకుండా ఈ ఊరి పేరు మీదే నిలిపి ఉంచాలి. రేపు ఇక్కడ అభిమానులో, ఇంకెవరో క్లబ్బు నిలబెడితే అవి వాళ్లకు చేరాలి. ఆ రంగుల్లో నలుపు మా బొగ్గుదని మేము మొదటి రోజు నుంచీ అనుకున్నాం, దాన్ని వదులుకోం.

ఒక క్లబ్బు ఊరు మారాలంటే ఆ ఊరి అభిమానులను బహిరంగంగా పిలిచి వినాలన్న నియమం రాయండి. ఆటగాళ్లకు బకాయిపడిన జీతం ఒక్క రూపాయి మిగిలి ఉన్నా తరలింపుకు అనుమతి లేదని రాయండి. తవోరాలూ కట్టిమణిలూ సీజను మధ్యలో సామాను సర్దుకుని పోవాల్సిన పరిస్థితి రాకూడదు. అన్నిటికన్నా ముందు ఒక పట్టిక తయారు చేయండి. హైదరాబాద్ సిటీ పోలీస్ నుంచి హైదరాబాద్ ఎఫ్‌సీ దాకా ఈ ఊరి చొక్కా వేసుకున్న ప్రతి ఆటగాడి పేరూ అందులో ఉండాలి. 18 గోల్స్ కొట్టినవాడూ ఉండాలి, ఒక్కసారి 85వ నిమిషంలో దిగి అయిదు నిమిషాలు పరుగెత్తినవాడూ ఉండాలి, బెంచీ మీదే సీజన్ గడిపినవాడూ ఉండాలి. అది మీ దయ కాదు, మీ ఉద్యోగం. లాంప్ రూమ్ బాబు లెక్క తప్పితే మేము ఊరుకోం, ఎందుకంటే ఆ లెక్క వెనక మనిషి ఉంటాడు.

1950ల నాటి పేర్లు మీ బీరువాల్లో ఎక్కడో ఉంటాయి, దుమ్ము దులిపి తీయండి. 2019 నుంచి ఆడినవాళ్ల వివరాల్లో ఏదైనా లోటు కనిపిస్తే నా నోటుబుక్కు పంపిస్తాను. జిరాక్సు కాదు, అసలుదే. ఫటోర్డా రాత్రి పేజీలో మా తమ్ముడి కన్నీళ్లకు సిరా కొంచెం చెదిరింది, మిగతాదంతా చదవడానికి వీలుగానే ఉంది. పని అయ్యాక తిరిగి పంపండి. తీసుకునేటప్పుడు మాత్రం మీ ముద్ర ఉన్న రశీదు ఒకటి ఇవ్వండి.

ఇట్లు,
ఒక సింగరేణి కార్మికుడు, హైదరాబాద్ ఎఫ్‌సీ అభిమాని,
మందమర్రి, మంచిర్యాల జిల్లా